పాదం కింద అద్దం

నారాయణప్ప నేసిన పట్టుచీరను కొన్నవాళ్లంతా పైవైపు నుంచే చూస్తారు. నేసేటప్పుడు నారాయణప్ప మాత్రం దాన్ని కింది నుంచి చూడాలి. ఆయన మగ్గం మీద చీర బోర్లా పడుకుని ఉంటుంది. నెమలి పడినా, హంస పడినా, మామిడిపిందె పడినా అసలు మొహం కిందివైపే. పైన కనిపించేదంతా దారాల గందరగోళం. అందుకని అరచేతికన్నా కాస్త పెద్దదైన చెక్క చట్రం అద్దం ఒకటి చీర కిందికి తోసి, బొమ్మ కుదిరిందా లేదా అని రోజుకు వందసార్లు చూసుకునేవాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే అద్దం. ఒక మూల పగిలింది, వెనక కళాయి రెండు చోట్ల రాలింది. అయినా మార్చలేదు.

చీర అడుగును రోజుకు వందసార్లు చూసుకున్న ఆ మహానుభావుడు తన పాదం అడుగును మాత్రం బుద్ధెరిగాక ఒక్కసారి కూడా చూసుకోలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

ధర్మవరంలో వాళ్లుండే వీధిలో ఇంటికొక మగ్గం. ఇప్పుడు దాదాపు అందరూ మోటార్లు బిగించుకున్నారు. పైన బొమ్మ దారాలను లేపే జకార్డును ఆ మోటారే ఎత్తుతుంది. నారాయణప్ప మాత్రం మోటారు మొహం చూడలేదు. మగ్గం గుంటలో కూర్చుని, కుడికాలితో తొక్కుడు చెక్కను తొక్కి, అంత బరువునూ తానే ఎత్తేవాడు. "ఈ వీధిలో జకార్డును కాలితో ఎత్తే మొగోడు నేనొక్కడినే" అని కనిపించిన వాళ్లందరికీ చెప్పేవాడు. వీధిలోవాళ్లు విని విని, ఆయన నోరు తెరవగానే ఆ మాట తామే పూర్తి చేసేవారు.

షుగరు వచ్చి పదకొండేళ్లయింది. మాత్రలు వేసుకునేవాడు, గుర్తున్న రోజున. పాదాలు ఎప్పుడు మొద్దుబారాయో ఆయనకే తెలియదు. మగ్గం తీగ ముక్క ఒకటి విరిగి గుంటలో పడి, తొక్కే కాలికి దిగింది. నొప్పి తెలియలేదు. భార్య సుబ్బలక్ష్మమ్మ ఇల్లు తుడుస్తూ, మగ్గం గుంట నుంచి వంటగది దాకా అడుగుకొకటి చొప్పున నెత్తుటి మరకలుండటం చూసింది.

"ఏమయ్యా, నీ కాలికి ఏందో అయిండాది. చూపీ."

"ఏం కాలేదు లేవే. నొప్పే లేదు."

నొప్పి లేకపోవడమే అసలు జబ్బని ఆయనకు ఎవరు చెప్పాలి? పసుపు పెట్టారు. మందుల షాపులో అడిగి తెచ్చిన పొడి చల్లారు. ఎవరో చెప్పిన ఆకు పసరు పిండారు. పెట్టిన మందు పెట్టినట్టే ఉంచి, ఆయన మళ్లీ గుంటలోకి దిగి అదే కాలితో తొక్కేవాడు. ఐదు నెలలు గడిచేసరికి రూపాయి బిళ్లంత పుండు నిమ్మకాయ పట్టేంత గుంతయింది.

అప్పటికి గానీ అనంతపురం పోలేదు. అక్కడి ఆసుపత్రిలో డాక్టరు హేమలత గంటసేపు చూసింది. ఎక్సరే తీయించింది, కాల్లో రక్తం పారుతుందో లేదో పరీక్ష చేయించింది. చచ్చిన కండనంతా కోసి శుభ్రం చేశాక ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఎముక దాకా పోలేదు, రక్తం కూడా బాగానే పారుతోంది. అది మీ అదృష్టం. కానీ కండ లేవడం లేదు. ఈ గుంతలో స్పాంజి పెట్టి, పైన గాలి చొరబడకుండా ప్లాస్టిక్ పొర అంటించి, గొట్టంతో మిషనుకు తగిలిస్తాను. అది రాత్రీ పగలూ మెల్లగా పీలుస్తూ ఉంటుంది. పుండులో ఊరే చెడు నీరంతా లాగేస్తుంది. ఆ లాగుడుకే కింది నుంచి కొత్త కండ లేస్తుంది."

"లేయకుంటే?" అన్నాడు నారాయణప్ప.

"నాలుగు వారాలు చూద్దాం. ఎర్రగా కండ లేస్తే కాలు మీది. లేవకుండా చీము పాకిందంటే వేళ్లతో సహా ముందు పాదం తీసేయాలి." ఆమె దాచకుండా చెప్పింది. "ఒకటే షరతు. ఈ కాలు మీద బరువు పడకూడదు. ఒక్క అడుగు కూడా."

వేళ్లు లేని కాలుతో తొక్కుడు చెక్క మీద ఏం ఆనించాలి? జీవితంలో మొట్టమొదటిసారి ఒకరు చెప్పింది చెప్పినట్టు వింటానని నారాయణప్ప అక్కడే ఒట్టు పెట్టుకున్నాడు.

మిషను టిఫిను డబ్బా అంత ఉంది. దాన్ని వెంటబెట్టుకునే ఇంటికొచ్చారు. మూడు రోజులకొకసారి పొర విప్పి కొత్త స్పాంజి పెట్టడానికి షాహిస్తాను కుదిర్చారు. షాహిస్తా ఎవరో కాదు, ఆ వీధి మగ్గాలన్నిటికీ రిపేర్లు చేసే వడ్రంగి జమాల్ సాబ్ కూతురు. నర్సింగు చదివి, ఇళ్లకు వెళ్లి పుండ్లకు కట్లు కట్టడమే పనిగా పెట్టుకుంది. చిన్నప్పుడు నారాయణప్ప మగ్గం కింద దూరి రంగు దారాలు ఏరుకున్న పిల్ల.

"మామా, కాలు కింద పెట్టాకు. పెడితివా, మా నాయనను పిలిచి నీ మగ్గం మేకులన్నీ పెరికిస్తా" అని మొదటిరోజే బెదిరించింది.

ఆ మిషనుకు సుబ్బలక్ష్మమ్మ 'కొత్తల్లుడు' అని పేరు పెట్టింది. కూతుళ్లు లేని ఇంట్లో అల్లుడెక్కడివాడంటే, ఆమె దగ్గర లెక్క ఉంది. "మంచం దిగడు. ఎప్పుడూ గుర్రుగుర్రుమంటాడు. కూర్చున్న చోటనే పీలుస్తా ఉంటాడు. కాస్త తేడా వచ్చిందా, ఊరంతా వినేట్టు అరుస్తాడు. అల్లుడు గాక ఇంకేంది?" చూడటానికి వచ్చిన ఆడవాళ్లందరూ కొత్తల్లుడిని పలకరించి, కాఫీ తాగి పోయేవాళ్లు. నారాయణప్పను పలకరించినవాళ్లు తక్కువ.

మూడు రోజులు అల్లుడు బుద్ధిగానే ఉన్నాడు. నాలుగో రోజు పది గంటలకు 'కీ కీ కీ' అని మొదలుపెట్టాడు. షాహిస్తా పరుగెత్తుకొచ్చి చూసింది. వేళ్ల మొదట్లో పొర అంచు లేచి గాలి పోతోంది. మళ్లీ అంటించి వెళ్లింది. మూడింటికి మళ్లీ కీ కీ. మరునాడు పదిన్నరకు, నాలుగింటికి. లేచేది ఎప్పుడూ అదే అంచు.

ఇంత జరిగితే సుబ్బలక్ష్మమ్మ ఊరుకుంటుందా? రెండు రోజులు వేళలు గమనించి దొంగను పట్టేసింది. గోడకు అవతల ఓబిలేష్ మగ్గం ఉంది. మొదటి మూడు రోజులూ వాడు ఊళ్లో లేడు. ఇప్పుడు వాడు మగ్గం ఎక్కేదే పది గంటలకు. అన్నం తిని మళ్లీ ఎక్కేది మూడింటికి. వాడి మోటారు కరెంటు లాగేస్తోంది, ఇక్కడ అల్లుడికి చాలడం లేదు! కొంగు నడుముకు దోపి పక్కింటి గుమ్మంలో నిలబడింది.

"ఏమప్పా ఓబిలేషూ, నీ మోటారుకు మా ఆయన కాలు బలి ఇయ్యల్లనా?"

ఓబిలేష్ ముప్పై ఏళ్లవాడు, నెమ్మదస్తుడు. అతని భార్య జ్యోతిలక్ష్మి నాలుగు నెలల బిడ్డను ఒళ్లో వేసుకుని, కాళ్లు ఊపుతూ, ఒక చేత్తో దారం కండెలు చుట్టుకుంటోంది. ఇద్దరూ బెదిరిపోయారు. "అట్లయితే మోటారు తీసేస్తా పెద్దమ్మా. పెద్దనాయన కాలు కన్నా ఎక్కువనా?" అని ఓబిలేష్ అప్పటికప్పుడు వైరు పీకేసి, ఏనాడో అటక మీద పడేసిన తొక్కుడు చెక్క దించి కాలితోనే నేయడం మొదలుపెట్టాడు.

ఆ రోజు కొత్తల్లుడు ఆరుసార్లు అరిచాడు.

ఓబిలేష్ మళ్లీ మోటారు పెట్టుకున్నాడు, ఒక్క మాట కూడా అనకుండా. అతను ఏమీ అనకపోవడమే సుబ్బలక్ష్మమ్మకు ఎక్కువ బాధయింది.

పదో రోజు షాహిస్తా కట్టు విప్పి, గుంత లోతు కొలిచి, మొహం తిప్పుకుంది. అంగుళంలో పదో వంతు కూడా పైకి రాలేదు. అక్కడే నిలబడి డాక్టరుకు ఫోను చేసింది.

"బరువు పడుతాందేమో చూడమంటాండాది మేడం" అంది ఫోను పెట్టేసి. "మామా, నిజం చెప్పు. మగ్గం ఎక్కినావా?"

"మగ్గమా?" సుబ్బలక్ష్మమ్మ అందుకుంది. "స్నానాల గదికి కూడా నా భుజం మీదనే పోతాండాడు. వెంకటరమణ సాక్షి, ఆ కాలు నేలకు తగల్లేదు పాపా."

ఎన్నడూ లేనిది మాట వింటే, విన్నప్పుడే ఇలా జరగాలా? నారాయణప్పకు ఏడుపొచ్చింది. అది దాచుకోవడానికి గోడవైపు తిరిగాడు. ముందు పాదం పోయిన కాలు ఎలా ఉంటుందో బస్టాండులో ఒకసారి చూశాడు. ఆ కాలే ఇప్పుడు కళ్ల ముందు ఆడుతోంది.

షాహిస్తా మంచం మీద కూర్చుంది. "ఏడవాకు మామా. ఇంకా పద్దెనిమిది రోజులుండాయి. పొర ఎప్పుడు ఎట్ల లేస్తాందో నువ్వే కాపలా కాయాల. పాదం అడుగు కదా, నీకు కనపడదు. ఇంట్లో అద్దం ఉండాదా?"

అద్దం! నారాయణప్ప మెడ మెల్లగా మగ్గం వైపు తిరిగింది. సగం నేసిన చీర కింద, ఆయన పెట్టిన చోటనే, దుమ్ము పట్టి ఉంది. "ఏమే, ఆ అద్దం తీసుకురా" అన్నాడు.

మరునాడు పొద్దున మంచం కాళ్లవైపున, దిండు అడ్డు రాకుండా కాస్త పక్కగా, ముక్కాలి పీట వేసి, దాని మీద చెంబు ఆనించి అద్దం నిలబెట్టారు. కుడికాలు దిండు మీద ఉంది. దిండు మంచం ఇనుప కమ్మికి ఆనుకుని ఉంది. నారాయణప్ప యాభై ఎనిమిదేళ్లకు తన అరికాలును చూసుకున్నాడు. నల్లని స్పాంజి, పైన మెరిసే పొర, అందులోంచి గొట్టం. మడమ పగుళ్లు కరువు చేను మాదిరి ఉన్నాయి. "ఛీ, ఇట్లుంటాదా నా కాలు" అనుకున్నాడు.

పది అయింది. గోడ అవతల ఓబిలేష్ మగ్గం ఎక్కాడు. టక్ టక్, టక్ టక్ అని పోగును మోసే నాడె అటూ ఇటూ పరుగెత్తుతోంది. నారాయణప్ప అద్దంలోంచి కన్ను తీయలేదు.

అద్దంలో కాలు కదిలింది.

వేళ్లు ముందుకు వంగాయి. దిండును కమ్మికేసి నొక్కాయి. వదిలాయి. మళ్లీ నొక్కాయి. గోడ అవతల నాడె పరుగెత్తిన ప్రతిసారీ, ఇవతల కాలు ఒక తొక్కు తొక్కుతోంది. పొర అంచు ముడత పడి, వేళ్ల మొదట్లో కొద్దికొద్దిగా లేస్తోంది. నారాయణప్ప తొక్కడం లేదు. ఆయన చేతులు కట్టుకుని ఊరకనే కూర్చున్నాడు. కాలే తొక్కుతోంది.

"ఏమే! ఈడికి రా! బిరీన రా! కాలు నేస్తాండాది!"

సుబ్బలక్ష్మమ్మ చేతిలో గరిటెతో వచ్చింది. అద్దంలోకి చూసింది, మొగుడి మొహంలోకి చూసింది. గోడకేసి నోరు పెట్టి అరిచింది. "ఓబిలేషూ, ఆపప్పా!"

మగ్గం ఆగింది. కాలు ఆగింది.

"మళ్లీ నేయి!"

మగ్గం మొదలైంది. ఓ పది పోగుల దాకా కాలు మర్యాదగా ఊరుకుంది. తర్వాత బొటనవేలు లేచింది, దాని వెంట మిగతా పాదమూ లేచింది. మూడుసార్లు ఆపించి, మూడుసార్లు నేయించి చూశారు. సంగతేమిటో తెలియక ఓబిలేష్, జ్యోతిలక్ష్మి పరుగెత్తుకొచ్చారు. వాళ్ల వెనకాలే సగం వీధి వచ్చింది. షాహిస్తా వచ్చేసరికి మంచం చుట్టూ నిలబడటానికి చోటు లేదు.

"ముప్పై ఎనిమిదేళ్లు తొక్కిన కాలు మామా" అంది ఆమె నవ్వి నవ్వి నేలమీద కూలబడి. "నీకు స్పర్శ లేదు, దానికి బుద్ధి లేదు. చప్పుడు వినపడితే చాలు, పనిలోకి దిగిపోతాండాది. ఆ పొద్దు ఓబిలేషన్న కాలితో తొక్కితే నీ మగ్గమే అనుకోని ఇంకా రెచ్చిపోయింది. అంత బరువు నొక్కితే కండ యాడ నుంచి లేస్తాది?"

సుబ్బలక్ష్మమ్మ ఓబిలేష్ దగ్గరికి వెళ్లి అందరి ముందూ అతని రెండు చేతులూ పట్టుకుంది. "మీ మోటారు తప్పు కాదప్పా. మా ఇంటి కాలు తప్పు." ఓబిలేష్ సిగ్గుతో తల వంచుకున్నాడు.

సరే, దొంగ దొరికాడు. ఇప్పుడు ఏం చేయాలి? ఓబిలేష్ మిగిలిన రోజులన్నీ మగ్గం ఆపుతానన్నాడు. నారాయణప్ప వినగానే కసిరాడు. "నీ కడుపు కొట్టి నా కాలు కాపాడుకునేదా? నోరు మూసుకుని పోయి నేసుకో." ఇల్లు మారదామంటే ధర్మవరంలో మగ్గం చప్పుడు వినిపించని వీధి ఎక్కడుంది? కాలును మంచానికి కట్టేద్దామని ఎవరో అన్నారు. షాహిస్తా ఒప్పుకోలేదు. స్పర్శ లేని కాలుకు కట్టు బిగిస్తే అక్కడ ఇంకో పుండు లేస్తుందంది.

నారాయణప్ప మళ్లీ అద్దంలోకి చూశాడు. నేతగాడి బుర్ర కదా, ఎక్కడో ఒక పోగు దొరికింది.

"కాలికి పని కావాల. కుడికాలికి వద్దంటే ఎడమకాలికి ఇయ్యండి. ఎడమది తొక్కుతాంటే ఇది మళ్లీ ఎందుకు తొక్కుతాది? షాహిస్తా, మీ నాయనను పిలువు."

జమాల్ సాబ్ సాయంత్రం రంపం, సుత్తి పట్టుకుని వచ్చాడు. మంచానికి ఎడమవైపు ఒక తొక్కుడు చెక్క బిగించాడు. బిగించాక గడ్డం గోక్కుంటూ, "తొక్కితే ఏదన్నా లేయాల కదన్నా. ఉత్త చెక్క తొక్కితే నీ కాలు మోసపోదు. దీనికేం కడదాం?" అన్నాడు.

అప్పుడే గోడ అవతల ఓబిలేష్ బిడ్డ కెవ్వుమంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బిడ్డ ఉయ్యాలను నారాయణప్ప ఇంటి దూలానికి మార్చారు. ఉయ్యాల నుంచి తాడు చెక్కకు కట్టారు. మరునాడు పదింటికి మగ్గం టక్ టక్‌మనగానే ఎడమకాలు చెక్క మీద పడింది, ఉయ్యాల ఊగింది. మొదట మరీ జోరుగా ఊగింది గానీ, జమాల్ సాబ్ తాడు నాలుగు వేళ్లు వదులు చేశాక సరిపోయింది. బిడ్డ కళ్లు పెద్దవి చేసుకుని కాసేపు చూసి, బోసినోరు తెరిచి నవ్వి, నిద్రపోయింది. జ్యోతిలక్ష్మి బిడ్డ పుట్టాక మొదటిసారి రెండు చేతులతో కండెలు చుట్టుకుంది.

మరి కుడికాలు? ఆరుగురు అద్దం చుట్టూ తలలు ఆనించి అరగంట కాపలా కాశారు. ఒక్క వేలు కూడా కదల్లేదు. పింఛను తీసుకున్న పెద్దమనిషి మాదిరి దిండు మీద పడుకుని ఉంది.

ఆ రోజు నుంచి కొత్తల్లుడు అరవలేదు. నారాయణప్పకు ఇప్పుడు ఉద్యోగముంది. పది నుంచి ఒంటిగంట దాకా, మూడు నుంచి ఆరు దాకా బిడ్డను ఊపాలి. అన్నానికి లేవాలన్నా జ్యోతిలక్ష్మి అనుమతి తీసుకునేవాడు. షాహిస్తా వచ్చి కట్టు విప్పిన ప్రతిసారీ లోతు కొలిచి, ఎంతయిందో చెప్పకుండా, పెదవి బిగించుకుని కొత్త కట్టు కట్టేది. "మేడం చూసినాకనే చెప్తా" అనేది. నారాయణప్పకు రోజులు దగ్గరపడేకొద్దీ అన్నం సహించలేదు.

ఇరవై ఎనిమిదో రోజున మొగుడూ పెళ్లాలూ, షాహిస్తా ముగ్గురూ అనంతపురం వెళ్లారు. నారాయణప్ప సంచిలో అద్దం పెట్టుకుని మరీ వెళ్లాడు. డాక్టరు హేమలత మిషను ఆపింది. నాలుగు వారాల గుర్రుగుర్రు ఒక్కసారి ఆగిపోయేసరికి ఆ గదిలో చెవులు దిబ్బడ వేసినట్టయింది. పొర ఒలిచింది. స్పాంజిని మెల్లగా పైకి తీసింది. వంగి చూసింది. సుబ్బలక్ష్మమ్మ కళ్లు మూసుకుని మొగుడి మోచేయి గట్టిగా పట్టుకుంది.

నారాయణప్ప అద్దాన్ని పాదం కిందికి తోశాడు, చీర కిందికి తోసినట్టే.

గుంత లేదు. గుంత ఉన్నచోట అడుగు నుంచి అంచుదాకా, తడితడిగా, సన్నటి గింజలు గింజలుగా, ఎరుపు. మచ్చ లేదు, నలుపు లేదు. ఆయన అద్దాన్ని అటూ ఇటూ వంచి రెండుసార్లు చూశాడు.

"అమ్మా" అన్నాడు డాక్టరుతో, "ఇది మిరపపండు రంగు. నేను ఎన్నిసార్లు మగ్గానికెక్కించినానో. నాసిరకం కాదు, మంచి రంగు. అవునా, కాదా?"

హేమలత నవ్వింది. "ఆ రంగు కోసమేనండీ మేమంతా ఎదురు చూసింది. కాలు మీది. ఐదు వేళ్లూ మీవే."

సుబ్బలక్ష్మమ్మ కళ్లు తెరిచి, ముందు డాక్టరుకు దండం పెట్టి, తర్వాత షాహిస్తాను కౌగిలించుకుని, ఆ తర్వాత గట్టిగా ఏడ్చింది. నారాయణప్ప కూడా ఏడ్చాడు. ఈసారి గోడవైపు తిరగలేదు.

ఇక మిషను అక్కర్లేదన్నారు. చర్మం మూసుకునేదాకా సముద్రపు నాచుతో చేసిన మెత్తని పట్టీ పెడితే చాలు, అది షాహిస్తా చూసుకుంటుంది. మిషనును ఆసుపత్రికి అప్పగించేటప్పుడు సుబ్బలక్ష్మమ్మ సంచిలోంచి కొత్త తువ్వాలు తీసి దాని మీద కప్పింది. "అల్లుడిని ఉత్తచేతులతో పంపిస్తారా ఎవరన్నా?" అంది. తీసుకున్న మనిషి ఏం చేయాలో తెలియక తువ్వాలుతో సహా లోపలికి పట్టుకెళ్లాడు.

చర్మం పూర్తిగా మూసుకోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. మగ్గం ఎక్కవచ్చు, కానీ తొక్కేది ఎడమకాలితోనే అని డాక్టరు ఖరాఖండిగా చెప్పింది. జమాల్ సాబ్ గుంటలో చెక్కను ఎడమకు మార్చాడు. గుంట అంతా ఊడ్చి, తీగ ముక్క అన్నది లేకుండా ఏరాడు. ఈలోగా ఓబిలేష్ బిడ్డకు పెద్దాయన తొక్కితే తప్ప నిద్ర పట్టని అలవాటయింది. అందుకని ఉయ్యాల తాడు కూడా ఆ చెక్కకే కట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక్క తొక్కుకు పైన జకార్డు లేస్తుంది, పక్కన ఉయ్యాల ఊగుతుంది.

మగ్గం ఎక్కిన మొదటిరోజు నారాయణప్ప అద్దాన్ని చీర కిందికి తోయలేదు. ముందు గుంటలోకి వంచాడు. కుడికాలు వేళ్లు బయటికి కనిపించే మెత్తని చెప్పులో, దిండు మీద ఉంది. వేళ్లు లెక్కపెట్టాడు. ఐదు. అప్పుడు ఎడమకాలితో చెక్క తొక్కాడు, నాడె విసిరాడు. టక్ టక్. బిడ్డ ఉయ్యాలలోంచి కేరింత కొట్టింది.

నాలుగు పోగులు పడ్డాక ఎందుకో అనుమానం వచ్చి మళ్లీ అద్దంలోకి చూశాడు. దిండు మీద కుడికాలు కదలకుండా ఉంది. బొటనవేలు ఒక్కటే గాలిలో, దేన్నీ నొక్కకుండా, తాళం వేస్తోంది.

"ఏమే, మళ్లీ మొదలుపెట్టింది" అని కేక వేశాడు.

సుబ్బలక్ష్మమ్మ వచ్చి, వంగి చూసి, నడుం మీద చేయి పెట్టుకుంది.

"పోనీలేయ్యా" అంది. "వేలంటూ ఉండాది కదా, ఆడించుకోనీ."

నారాయణప్ప నవ్వుకుంటూ అద్దాన్ని చీర కిందికి జరిపి, మళ్లీ తొక్కాడు.